ఇంటి లెక్క: ఆట ఉచితం, బిల్లు నూటికి నలుగురిది

ఫోనులో ఆటలంటే పిల్లల గోల అని కొట్టిపారేసే రోజులు పోయాయి. పొద్దున్నే మన చందానగర్‌లో ఎమ్.ఎమ్.టి.ఎస్. ఎక్కి ఒక్కసారి చుట్టూ చూడండి. కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ రంగురంగుల మిఠాయిలు జరుపుతూ ఉంటుంది. ఎదురుగా ఉన్న ఉద్యోగస్తురాలు పలకలు జత చేస్తూ ఉంటుంది. సాయంత్రం ట్యూషను సెంటరు బయట పిల్లల కోసం ఎదురుచూసే తల్లుల్లో సగం మంది చేతుల్లో లూడో. కుక్కరు మూడో కూత వేసేలోగా ఒక ఆట అయిపోతుంది. ఇందులో తప్పేముంది? ఏమీ లేదు. పొద్దుటి నుంచి నడుం వాల్చని మనిషికి పది నిమిషాల కాలక్షేపం ఉంటే ఎవరి సొమ్మేం పోయింది?

సరిగ్గా ఆ ప్రశ్నకే ఈ వారం జవాబు వెతుకుదాం. ఎవరి సొమ్ము పోతోంది? ఎవరికి చేరుతోంది? పాలవాడి లెక్క, చీటీ లెక్క చూసుకునే మనం ఈ లెక్క మాత్రం ఎందుకు చూసుకోకూడదు?

ఫోనులో ఆట అన్నది కొత్తేం కాదు. 1997లో నోకియా ఫోనులో పాము ఆట వచ్చింది గుర్తుందా? అది ఫోనుతో పాటే వచ్చేది. ఫోను ధర కట్టేశాక ఆ పాము మనల్ని మళ్ళీ పైసా అడగలేదు. తర్వాత తెరను వేలితో తాకే ఫోనులు వచ్చాయి. అప్పుడు ఆటలను విడిగా కొనుక్కోవలసి వచ్చేది. 2011లో అమెరికాలో ఒక భార్యాభర్తల జంట టెంపుల్ రన్ అనే పరుగుల ఆట తయారుచేసి మొదట ఒక డాలరు లోపు ధర పెట్టారు. అమ్మకాలు తగ్గగానే ధర తీసేసి ఉచితంగా ఇచ్చారు. లోపల నాణేలు మాత్రం డబ్బుకి అమ్మారు. అప్పుడు ఆట ఊపందుకుంది! అంగడి గుమ్మంలో డబ్బు అడిగితే జనం వెనక్కి పోతారు, లోపలికి రానిచ్చి కూర్చోబెట్టాక అడిగితే కొందరు ఇస్తారు. ఈ సంగతి ఒక్కసారి తెలిశాక పరిశ్రమ మొత్తం అదే దారి పట్టింది.

ఆ దారిలో అందరికంటే ముందు నడిచింది క్యాండీ క్రష్. స్వీడన్‌లో పుట్టిన కింగ్ అనే కంపెనీ దాన్ని 2012 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్‌లో, అదే ఏడాది నవంబరులో ఫోనుల్లో విడుదల చేసింది. ఆ కంపెనీ 2014 మార్చిలో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో షేర్లు అమ్మకానికి పెట్టింది. షేర్లు అమ్మేవాళ్ళు చట్టప్రకారం లెక్కలన్నీ బయట పెట్టాలి కదా. అందువల్ల మనకొక మేలు జరిగింది. ఎప్పుడూ తెర వెనక ఉండే లెక్క తెర ముందుకి వచ్చింది.

ఆ లెక్క ఇది. 2013 ఆఖరి మూడు నెలల్లో కింగ్ వారి ఆటలు ఆడినవాళ్ళు నెలకు సుమారు 30 కోట్ల 40 లక్షల మంది. అందులో డబ్బు కట్టినవాళ్ళు సుమారు 1 కోటి 22 లక్షల మంది. అంటే నూటికి నలుగురు! మిగిలిన తొంభై ఆరుగురూ కానీ ఖర్చు లేకుండా ఆడుకున్నారు. అయినా 2013లో ఆ కంపెనీకి 188 కోట్ల డాలర్ల ఆదాయం వచ్చింది. కట్టిన ఆ నలుగురూ ఒక్కొక్కరు నెలకు సగటున 17 డాలర్లు ఇచ్చారన్నమాట. అప్పటి మారకంలో వెయ్యి రూపాయల పైమాటే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. సగటు అంటే తెలుసుగా? ఒకరు వంద పెట్టి, ఇంకొకరు పదివేలు పెడితే ఇద్దరికీ కలిపి వచ్చేది సగటు. కాబట్టి ఆ నలుగురిలోనూ అసలు బరువు మోసేది ఏ ఒక్కరో ఉంటారు. అలాంటివాళ్ళకి ఈ వ్యాపారంలో ఒక పేరుంది. తిమింగలాలు అంటారు! మనిషిని తిమింగలంతో పోల్చారంటే వల కూడా ఎక్కడో వేసి ఉంచారనేగా అర్థం?

ఇదంతా ఎక్కడో పరాయి దేశపు గొడవ అనుకోకండి. కింగ్ కంపెనీని యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే పెద్ద సంస్థ 590 కోట్ల డాలర్లకు కొంది. ఆ బేరం 2016 ఫిబ్రవరిలో పూర్తయింది. 2023 అక్టోబరులో ఆ పెద్ద సంస్థనే మైక్రోసాఫ్ట్ కొనేసింది. మైక్రోసాఫ్ట్ అధిపతిగా 2014 నుంచి ఉన్న సత్య నాదెళ్ళ బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినవారే. ఆ కంపెనీ గచ్చిబౌలి ఆవరణ మన చందానగర్ నుంచి ఓ పది కిలోమీటర్లు ఉంటుందేమో! మన వీధుల్లోంచి పొద్దున్నే కంపెనీ బస్సులెక్కే పిల్లలు అక్కడికీ వెళుతున్నారు. హైటెక్ సిటీలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే మరో పెద్ద ఆటల కంపెనీ కార్యాలయం ఉంది. బొమ్మల సినిమాలు, ఆటల పరిశ్రమ ఇక్కడ పెరగాలని తెలంగాణ ప్రభుత్వం 2016లో ఇమేజ్ పాలసీ పేరుతో ఒక విధానమే తెచ్చింది. కాబట్టి మన అపార్ట్‌మెంటులో ఒక ఇంట్లో ఆట ఆడేవారుంటే ఇంకో ఇంట్లో ఆట తయారుచేసేవారు ఉండవచ్చు. రెండు ఇళ్ళూ మనవే. అందుకే తిట్టడం కాదు, తెలుసుకోవడం ముఖ్యం.

వ్యాపారం ఎంత పెద్దదో చెప్పాలంటే ఒక్క అంకె చాలు. క్యాండీ క్రష్ ఒక్క ఆటే మొదలైనప్పటి నుంచి 2,000 కోట్ల డాలర్లకు పైగా సంపాదించిందని 2023లో కంపెనీయే ప్రకటించింది. మన రూపాయల్లో లక్షా అరవై వేల కోట్ల పైచిలుకు. అదీ చాలామంది దగ్గర్నుంచి కాదు, ఆ నూటికి నలుగురి దగ్గర్నుంచే ముఖ్యంగా.

మరి ఆ నలుగురినీ ఎలా పట్టుకుంటారు? వంటలో ఉప్పు వేసినట్టు, కొంచెం కొంచెంగా. మొదటి ఇరవై, ముప్ఫై మెట్లు సులువుగా గెలిపిస్తారు. చప్పట్లు, మెరుపులు, మెచ్చుకోళ్ళు. ఇంట్లో వండిన కూరకి కూడా ఎవరూ అంతగా మెచ్చుకుని ఉండరు! తర్వాత ఒక గట్టి మెట్టు వస్తుంది. ఇంకొక్క ఎత్తు ఉంటే గెలిచేవాళ్ళం అనిపించేలా ఓడిపోతాం. సరిగ్గా అప్పుడే ఇంకో అయిదు ఎత్తులు కావాలా అని అడుగుతుంది. క్యాండీ క్రష్‌లో అయిదు ప్రాణాలుంటాయి. అవి అయిపోతే ఒక్కో ప్రాణం తిరిగి రావడానికి అరగంట ఆగాలి. ఆగలేనివారు కొనుక్కోవచ్చు. ఆటలో అమ్మేది మిఠాయిలు కాదండీ, ఓపిక లేకపోవడాన్ని అమ్ముతారు. ఎక్కడ ఎక్కువమంది ఆట వదిలి పోతున్నారో, ఎక్కడ ఎక్కువమంది కొంటున్నారో చూసుకుంటూ మెట్లను సవరిస్తూనే ఉంటారు. ఊరగాయ రుచి చూస్తూ ఉప్పూ కారం సరిచేస్తామే, అలాగన్నమాట.

"నేను పైసా కట్టను కదా, నాకేం?" అనేవారు తొంభై ఆరుగురు. వాళ్ళ సంగతీ చూద్దాం. మా పై అంతస్తులో ఉండే అమ్మాయి సాఫ్ట్‌వేరు కంపెనీలో పనిచేస్తుంది. ఓసారి మెట్ల మీద ఈ మాటే వస్తే నవ్వి, "ఆంటీ, మీరు డబ్బు ఇవ్వకపోతే టైమ్ ఇస్తున్నారు. వాళ్ళు ఆ టైమ్‌ని ఇంకొకళ్ళకి అమ్ముకుంటున్నారు" అంది. ఒక నాణెం కోసమో, ఒక ప్రాణం కోసమో ముప్ఫై సెకన్ల ప్రకటన చూస్తాం కదా? ఆ ప్రకటన ఇచ్చినవారు ఆట కంపెనీకి డబ్బు కడతారు. విచిత్రం ఏమిటంటే, ఆ ప్రకటనల్లో చాలా భాగం మరో ఆటవే! ఈ కొట్టువాడు ఆ కొట్టుకి, ఆ కొట్టువాడు ఈ కొట్టుకి మనల్ని పంపుకుంటారు, నూటికి ఆ నలుగురు ఎక్కడైనా దొరుకుతారేమోనని. రోజుకి ఇరవై ప్రకటనలు చూస్తే పది నిమిషాలు. ఏడాదికి అరవై గంటలు. మనం ఆడింది కాదు సుమా, ప్రకటనలు చూసింది.

మన దేశం సంగతి ఇక్కడే వేరుగా ఉంటుంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక ఫోను ఆటలు దించుకోవడంలో మనం ప్రపంచంలో అందరికంటే ముందుకి వచ్చాం. డబ్బు కట్టడంలో మాత్రం బాగా వెనక. మన ఇల్లాళ్ళు గట్టివాళ్ళు మరి! అందుకే ఇక్కడి కంపెనీలు ఎక్కువగా ప్రకటనల మీద బతకవలసి వచ్చింది. ముంబైకి చెందిన గేమెషన్ కంపెనీ 2016లో తెచ్చిన లూడో కింగ్ దీనికి మంచి ఉదాహరణ. వికాశ్ జైస్వాల్ అనే ఆయన దాన్ని తయారుచేశారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి అందరం ఇళ్ళల్లో కూర్చున్నప్పుడు ఆ ఆట ఒక్కసారిగా ఆకాశానికి ఎక్కింది. ఇక్కడి అక్క, అమెరికాలో ఉన్న తమ్ముడు, విజయవాడలో అమ్మ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నట్టు ఆడుకున్నారు. ఆ రోజుల్లో అది చేసిన మేలు కాదనలేం.

ఆ ఆట మనకి కొత్తా? మన పచ్చీసునే 1896లో ఇంగ్లండులో లూడో పేరుతో పేటెంటు చేయించుకున్నారు. మన అష్టాచెమ్మా దానికి చెల్లెలు. వైకుంఠపాళికి పాములూ నిచ్చెనలూ అని పేరు మార్చారు. మన అమ్మమ్మలు నేల మీద సుద్దముక్కతో గీసి, చింతపిక్కలు అరగదీసి ఆడుకున్నవే ఇవన్నీ. తేడా ఒక్కటే. చింతపిక్కలు మనల్ని గమనించవు.

ఈ వ్యాపారంలో ఎత్తుపల్లాలు కూడా తెలుసుకోవాలి. ఎందుకంటే మన ఇళ్ళల్లో షేర్లు కొనే మగవాళ్ళూ ఉన్నారు, కొనాలనుకునే ఆడవాళ్ళూ ఉన్నారు. అందరి ఫోనుల్లోనూ ఉన్న ఆట కాబట్టి దాని షేరు బంగారమే అనుకుంటే పొరపాటు. కింగ్ షేరును 22 డాలర్ల 50 సెంట్లకు అమ్మితే మొదటి రోజు సాయంత్రానికే 19కి పడింది. కారణం కూడా ఆ లెక్కల్లోనే ఉంది. అప్పట్లో ఆ కంపెనీ వసూళ్ళలో నూటికి 78 వంతులు క్యాండీ క్రష్ ఒక్కదాని నుంచే వచ్చాయి. ఒంటి స్తంభం మేడ! రేపు జనానికి మొహం మొత్తితే? అని కొనేవారు భయపడ్డారు. చివరికి 2015లో యాక్టివిజన్ కొనడానికి ఒప్పుకున్న ధర షేరుకు 18 డాలర్లే.

అంతకు ముందు జింగా కథ ఇంకా గట్టిది. ఫేస్‌బుక్‌లో పొలం దున్నించే ఫార్మ్‌విల్ ఆట వాళ్ళది. 2009లో వచ్చింది. 2011 డిసెంబరులో షేరు 10 డాలర్లకు అమ్మారు. జనం కంప్యూటరు వదిలి ఫోనుకి మళ్ళారు. ఏడాది తిరగకుండానే, 2012లో, ఆ షేరు 3 డాలర్ల లోపుకి వచ్చింది. ఆఖరికి 2020 డిసెంబరు 31న ఆ మొదటి ఫార్మ్‌విల్‌ని మూసేశారు. పదేళ్ళపాటు అందులో పొలాలు, పశువులు, పాకలు డబ్బుపెట్టి కొన్నవాళ్ళున్నారు. వాటిని ఎక్కడికి తోలుకుపోతారు? కొన్న గాజు పగిలినా ముక్క మిగులుతుంది. ఇక్కడ అదీ లేదు. ఆటలో మనం కొన్నది ఏదీ మనది కాదు, ఆట ఉన్నన్నాళ్ళూ వాడుకోనిస్తారు, అంతే. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి.

2020లో కరోనా వల్ల పెరిగిన వ్యాపారం కూడా నిలవలేదు. జనం బయటికి రావడం మొదలుపెట్టాక, 2022లో ప్రపంచం మొత్తం మీద ఫోను ఆటల ఖర్చు తగ్గింది. 2021లో ఆపిల్ ఒక నిబంధన తెచ్చింది. మనల్ని ఒక యాప్ నుంచి మరో యాప్‌కి వెంబడించి గమనించాలంటే మన అనుమతి అడగాలి అని. చాలామంది వద్దన్నారు. ఆ నలుగురూ ఎవరో వెతకడం కంపెనీలకి కష్టమైంది. చూశారా, మనం వద్దు అన్న ఒక్క మాటకి ఎంత విలువుందో!

డబ్బు వద్దనుకున్న మనిషీ ఒకరున్నారు. వియత్నాంకి చెందిన డాంగ్ న్యూయెన్ అనే యువకుడు 2013లో ఫ్లాపీ బర్డ్ అనే చిన్న పక్షి ఆట తెచ్చాడు. రోజుకి 50 వేల డాలర్ల దాకా ప్రకటనల ఆదాయం వస్తోందని అప్పట్లో పత్రికలు రాశాయి. జనం దానికి బానిసలైపోతున్నారని 2014 ఫిబ్రవరిలో తనే ఆ ఆటను తీసేశాడు. తయారుచేసినవాడికే భయం వేసిందంటే ఆలోచించవలసిందే.

ఇక అసలు ప్రమాదం దగ్గరికి వద్దాం. పైన చెప్పిన ఆటల్లో డబ్బు పోతుంది కానీ, డబ్బు వస్తుందనే ఆశ లేదు. డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలు వేరు. బొమ్మ మాత్రం ఒక్కలాగే ఉంటుంది. అదే లూడో, అదే పేకముక్కలు, అవే రంగులు. రమ్మీ సంగతి తీసుకుంటే మన జంటనగరాలకి దానితో పాత బంధమే ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసులోనే 1967లో సుప్రీంకోర్టు రమ్మీ ముఖ్యంగా నేర్పుతో ఆడే ఆట అని చెప్పింది. ఆ మాటను ఆసరా చేసుకునే తర్వాతి కాలంలో ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు పెరిగాయి. వాటిలో పేరున్న ఎ23 మన హైదరాబాద్‌లో పుట్టిందే. క్లబ్బుకి వెళ్ళాలంటే చొక్కా వేసుకుని గుమ్మం దాటాలి, నలుగురికీ తెలుస్తుంది. ఫోనులో ఆ అడ్డు లేదు. దుప్పటి కప్పుకుని కూడా ఆడొచ్చు.

అప్పులపాలైన కుటుంబాల ఏడుపులు విన్నాక 2017లో తెలంగాణ ప్రభుత్వం చట్టం మార్చి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి రమ్మీ ఆడటాన్ని కూడా నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. 2023 అక్టోబరు 1 నుంచి కేంద్రం ఇలాంటి ఆటల్లో పెట్టే పూర్తి సొమ్ము మీద 28 శాతం జి.ఎస్.టి. వేసింది. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. 22వ తేదీన రాష్ట్రపతి సంతకం అయింది. నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవారికీ శిక్ష ఉంది. ఆడినవారికి మాత్రం శిక్ష లేదు, వాళ్ళను బాధితులుగానే చూశారు. పెద్ద కంపెనీలు డబ్బు ఆటలు ఆపేశాయి. కొన్ని కోర్టుకి వెళ్ళాయి.

ఆడినవారికి శిక్ష లేదన్న మాట మన ఇళ్ళల్లో గట్టిగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ విషయంలో పోయిన డబ్బు కంటే దాచిన మాటే ఎక్కువ చేటు చేస్తుంది. భర్తో, కొడుకో, మరిదో అప్పు చేసి ఉంటే పోలీసులకి భయపడి నోరు విప్పరు. ఈలోగా ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు, దాని కోసం ఇంకో యాప్. నిషేధం వచ్చాక దొంగదారిన వచ్చే యాప్‌లు, వాట్సాప్‌లో వచ్చే లింకులు ఇంకా ప్రమాదం. ఎవరైనా మోసం చేసి డబ్బు లాగేస్తే వెంటనే 1930 నంబరుకి ఫోను చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇప్పుడు మన ఇంటి లెక్క. ఉచిత ఆటలో ఒకసారి 89 రూపాయలు పెట్టి నాణేలు కొన్నాం అనుకుందాం. కూరగాయల సంచికి అయ్యేపాటి కూడా కాదు, ఎవరూ అడగరు. వారానికి రెండుసార్లు అనుకోండి. ఏడాదికి 9,256 రూపాయలు! ఒక చిన్న చీటీ పాడుకోవచ్చు. ఆ డబ్బు ఇల్లాలిదే కావచ్చు, ఖర్చు పెట్టే హక్కూ ఆమెదే. చీర కొంటే చూపిస్తాం, గిన్నె కొంటే చూపిస్తాం. ఇది మాత్రం చూపించం. చూపించలేని ఖర్చు ఏదైనా ఒకసారి ఆగి చూసుకోవలసిన ఖర్చే. ఆ నూటికి నలుగురిలో మనం ఉన్నామో లేదో తెలిసేది అక్కడే.

చెయ్యవలసినవి పెద్ద పనులేం కావు.

మొదటిది, ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డు అడిగేలా పెట్టుకోండి. పిల్లల చేతికి ఫోను ఇచ్చే ఇళ్ళల్లో ఇది తప్పనిసరి. పిల్లలు తెలియక కొన్న సొమ్ము విషయంలో 2014లో అమెరికా ప్రభుత్వ సంస్థతో రాజీపడి ఆపిల్ కనీసం 3 కోట్ల 25 లక్షల డాలర్లు, గూగుల్ కనీసం 1 కోటి 90 లక్షల డాలర్లు తల్లిదండ్రులకు తిరిగి ఇవ్వవలసి వచ్చింది. అంటే అది ఒక ఇంటి బాధ కాదు.

రెండోది, యు.పి.ఐ. యాప్‌లో ఆటోపే అనే చోట చూడండి. నెలనెలా డబ్బు కోసుకునే చందాలు అక్కడ కనిపిస్తాయి. అక్కర్లేనివి అక్కడే రద్దు చెయ్యొచ్చు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం అలాంటి సొమ్ము తీసే ముందు 24 గంటలకి మనకి సందేశం రావాలి. ఆ సందేశాలను చూడకుండా తుడిచెయ్యకండి.

మూడోది, ప్లే స్టోర్‌లో మన ఖాతా కింద ఇప్పటిదాకా కొన్నవాటి జాబితా తేదీలతో సహా ఉంటుంది. ఏడాదిది కూడి ఒక కాగితం మీద రాయండి. కూడినప్పుడే తెలుస్తుంది.

నాలుగోది, ప్రాణాలు అయిపోయినప్పుడు ఫోను కింద పెట్టండి. ఆట మనల్ని అరగంట ఆగమంది కదా, అదే మనకి సందు! పప్పు నానబెట్టుకోవచ్చు, బాల్కనీలో మొక్కలకి నీళ్ళు పోసుకోవచ్చు, ఊరికే కూర్చోనూ వచ్చు.

ఐదోది, వారానికి ఒక్కరోజు అష్టాచెమ్మా గీయండి. చింతపిక్కలు లేకపోతే గవ్వలు. పిల్లలు మొదట మూతి ముడుస్తారు. ఒక్కసారి అమ్మ కాయను చంపాక చూడండి, లేవరు!

కాలక్షేపం మన హక్కు. దాన్ని ఎవరూ కాదనడానికి లేదు. కానీ మన కాలక్షేపం మీద ఇంత పెద్ద బజారు నడుస్తున్నప్పుడు ఆ బజారులో మనం కొనేవాళ్ళమా, అమ్ముడుపోయే సరుకా అన్నది తెలిసి ఆడటం మేలు. ఏమంటారు? మీ ఇంట్లో ఏడాది లెక్క కూడితే ఎంత వచ్చిందో రాయండి. పేరు వెయ్యవద్దంటే వెయ్యం.

వచ్చే వారం మరో లెక్కతో కలుసుకుందాం.